సొట్టకు రాజీయా... బీమాయా?

కొత్తగూడెంలో రైలు దిగేవాళ్లకు స్టేషన్ బోర్డు మీద కనిపించే పేరు కొత్తగూడెం కాదు, భద్రాచలం రోడ్. ఊరి పేరుకన్నా రోడ్డు పేరే పెద్దదైన చోటు ఇది. విజయవాడ దిక్కు నుంచి వచ్చి పాల్వంచ, భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఇటుగానే వెళ్తుంది. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని 221 అనే అంటారు. బొగ్గు టిప్పర్లు, పాల్వంచ నుంచి బూడిద లారీలు, సారపాక పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర లారీలు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు... వీటన్నిటి మధ్య సందు చూసుకుని దూరే కార్లు. శ్రీరామనవమికో ముక్కోటికో అయితే ఇక చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో ఈ రోడ్డు మీద కారు నడిపి ఒక్క గీత కూడా పడకుండా ఇల్లు చేరితే రాముడి దయే!

పెద్ద ప్రమాదాల గురించి పత్రికల్లో వార్తలు వస్తాయి. ఈ చిన్న గీతలూ, సొట్టలూ, పగిలిన బంపర్ల గురించి ఎవరూ రాయరు. కానీ కారున్న ప్రతి ఇంట్లోనూ ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఈ పంచాయితీ తప్పదు. అక్కడికక్కడే మాట్లాడుకుని రెండు మూడు వేలు చేతులు మార్చుకోవాలా? లేక ఫోన్ తీసి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా? ఈ ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు ఒకటే: ‘చిన్నదానికి క్లెయిమ్ ఎందుకండీ?’ ఆ జవాబు సగం నిజం. మిగతా సగమే జేబుకు చిల్లు పెడుతుంది.

రోడ్డు మీద పంచాయితీ

ఊహించుకోండి. బస్టాండ్ సెంటర్‌లో సాయంత్రం పూట ముందు పోతున్న ఆటో సడెన్‌గా ఆగింది. వెనక కారు బ్రేకేసినా ఆగలేదు. ఆటో వెనక రేకు లోపలికి పోయింది. కారు బంపర్ చీలింది. క్షణంలో పదిమంది చేరతారు. వాళ్లలో ముగ్గురు జడ్జీలు.

‘సార్, పొద్దున్నుంచి సరిగ్గా బోణీ కూడా కాలే. బండి షెడ్డుకేస్తే రెండ్రోజులు పనుండదు.’

‘నువ్వు సడెన్‌గా ఆపితే నేనేం చేస్తా తమ్మీ?’

‘కారున్నోళ్లు సార్ మీరు, మీకేం...’

మన రోడ్ల మీద రాయని చట్టం ఒకటుంది. పెద్ద బండిదే తప్పు. లారీకీ కారుకీ తగిలితే లారీది, కారుకీ ఆటోకీ అయితే కారుది, ఆటోకీ సైకిల్‌కీ అయితే ఆటోది. అసలు తప్పెవరిదన్నది చివర్లో తేలుతుంది, ఒక్కోసారి అసలే తేలదు. అయినా ఆటో డ్రైవర్ వాదనలో ఒక గట్టి మాట ఉందని ఒప్పుకోవాలి. అతనికి పోయేది రేకు ఖర్చు ఒక్కటే కాదు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్ల కూలీ కూడా. కారు యజమానికి సొట్ట కళ్లకు కనిపించే బాధ. ఆటో డ్రైవర్‌కు అది సాయంత్రం ఇంటికి తీసుకెళ్లాల్సిన డబ్బు. కాబట్టి అతనికి ఆ క్షణాన కావలసింది బీమా పాలసీ నంబరు కాదు, చేతిలో డబ్బు. రాజీకి ఇంత బలం రావడానికి కారణం అదే.

మరి చట్టం ఏమంటుంది? 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా గాయమైనా, ఎదుటివాళ్ల ఆస్తికి నష్టం జరిగినా డ్రైవర్ చేయాల్సినవి ఉన్నాయి. గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడాలి. దగ్గర్లో పోలీసులు లేకపోతే 24 గంటల్లోగా స్టేషన్‌లో చెప్పాలి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. మూక ఆగ్రహంతో మీద పడుతుంటే వైద్యం సంగతిలో మినహాయింపు కూడా ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. చట్టం రాసినవాళ్లకు మన రోడ్లు తెలుసన్నమాట! బంపర్ గీతకు స్టేషన్ మెట్లెక్కేవాళ్లు ఎవరూ ఉండరనుకోండి, అది వేరే సంగతి.

మీ పాలసీలో ఏముంది?

రాజీయా, క్లెయిమా అని ఆలోచించే ముందు అసలు క్లెయిమ్ చేసే అవకాశం ఉందో లేదో చూసుకోవాలి. మన దేశంలో థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కావడం ఇప్పటి మాట కాదు. 1939 నాటి పాత మోటారు చట్టంలోని ఆ అధ్యాయం 1946 జులై 1 నుంచే అమల్లోకి వచ్చింది. ఆ బీమా ఎదుటివాళ్ల ప్రాణానికీ, ఒంటికీ, ఆస్తికీ. మీ కారుకు పైసా రాదు. మీ కారుకు రావాలంటే ఓన్ డ్యామేజ్ కూడా కలిసిన ప్యాకేజీ పాలసీ ఉండాలి. జనం దీన్నే ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అంటారు.

పాత కారు కొన్నవాళ్లలో చాలామంది డబ్బు కలిసొస్తుందని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టి ఊరుకుంటారు. అలాంటప్పుడు మీ కారు సొట్టకు దారి ఒకటే, ఎదుటివాడితో మాట్లాడుకోవడం. అతని తప్పైతే అతని థర్డ్ పార్టీ పాలసీ మీద నష్టపరిహారం అడగవచ్చు కదా అంటారా? అడగవచ్చు. ప్రైవేటు కారు పాలసీలో ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల దాకా, టూవీలర్ పాలసీలో లక్ష దాకా రక్షణ ఉంటుంది. కానీ కంపెనీ దానంతట అది చెక్కు రాసివ్వదు. సాధారణంగా మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్లి తప్పెవరిదో తేల్చుకోవాల్సిందే. ఏడు వేల బంపర్ కోసం వాయిదాలు తిరిగేవారెవరు? అందుకే చిన్న నష్టాల్లో ఈ దారి కాగితం మీదే ఉండిపోయింది.

సెకండ్‌హ్యాండ్ కారులో ఇంకో మెలిక. ఆర్సీ మీ పేరు మీదకు మారినా, ఇన్సూరెన్స్ పాత యజమాని పేరు మీదే ఉండిపోతుంది. బండి బదిలీ అయిన 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చేయాలి. లేకుంటే థర్డ్ పార్టీ రక్షణ కొనసాగుతుంది కానీ మీ బండికి జరిగిన నష్టం అడగలేరు. 1996లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ఇక పాత యజమాని సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు రాదు. అది మనిషిది, బండిది కాదు.

అసలు లెక్క ఇదీ

ఇక్కడే చాలామంది పొరపడతారు. క్లెయిమ్ చేస్తే బిల్లంతా కంపెనీ కడుతుందనుకునేవాళ్లు కొందరు, క్లెయిమ్ చేస్తే ప్రీమియం రెట్టింపవుతుందని బెదిరిపోయేవాళ్లు ఇంకొందరు. నిజం మధ్యలో ఉంది. దాన్ని కాగితం, పెన్ను పెట్టి తేల్చుకోవచ్చు.

బిల్లులో మొదటి కోత కంపల్సరీ డిడక్టబుల్. 1500 సీసీ దాకా ఉన్న కారుకు ప్రతి క్లెయిమ్‌లోనూ వెయ్యి రూపాయలు, ఆపైన ఇంజిన్ ఉంటే రెండు వేలు మీరే భరించాలి. రెండో కోత తరుగుదల. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ... వీటికి బండి నిన్న కొన్నదైనా సగమే ఇస్తారు. ఫైబర్ భాగాలకు 30 శాతం కోత. అద్దానికి కోత లేదు. రేకు భాగాలకు బండి వయసును బట్టి. ఆరు నెలల లోపు ఏమీ ఉండదు, రెండు మూడేళ్ల మధ్య 15 శాతం, ఐదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50. రంగు సామగ్రిలోనూ సగమే. పెయింటింగ్ బిల్లు మొత్తంగా వేస్తే అందులో నాలుగో వంతును సామగ్రి ఖర్చుగా లెక్కగట్టి, ఆ భాగంలో సగం తీసేస్తారు. డెంటింగ్ కూలీకి మాత్రం కోత ఉండదు.

ఉదాహరణకు మన కథలో కారుకు 9 వేలు అయ్యిందనుకుందాం. కొత్త బంపర్ 4 వేలు, పెయింటింగ్ 3 వేలు, కూలీ 2 వేలు. బంపర్ మీద 2 వేలు, రంగు మీద 375, డిడక్టబుల్ వెయ్యి పోతాయి. కంపెనీ ఇచ్చేది 5,625. మీ చేతి నుంచి 3,375. పాలసీలో జీరో డిప్రిసియేషన్ యాడ్ ఆన్ తీసుకుని ఉంటే డిడక్టబుల్ ఒక్కటే పోయి 8 వేలు వస్తాయి.

ఇప్పుడు రెండో పక్క చూడండి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గింపు. తర్వాత వరసగా 25, 35, 45, ఐదో ఏడాదికి 50. ఒక్క క్లెయిమ్ చేస్తే వైకుంఠపాళిలో పాము నోట్లో పడ్డట్టు నేరుగా సున్నాకు జారి, మళ్లీ ఒక్కో మెట్టూ ఎక్కాలి.

పై మెట్టు మీద, అంటే 50 శాతం దగ్గర ఉన్న మనిషి క్లెయిమ్ చేశాడనుకోండి. వచ్చే ఏడు 50 శాతం పోతుంది. ఆ పై ఏడు 20 వస్తుంది కాబట్టి 30 పోతుంది. తర్వాత 25, 15, 5. అన్నీ కలిపితే ఏడాది ప్రీమియంలో 125 శాతం! తగ్గింపు లేకముందు అతని ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8 వేలైతే ఐదేళ్లలో పోయేది 10 వేలు. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువే, అయినా లెక్క దాదాపుగా అదే. 5,625 కోసం 10 వేలు పోగొట్టుకోవడం ఏం తెలివి? జీరో డిప్రిసియేషన్ ఉన్నా నష్టమే.

అదే బిల్లు, కొత్త కారు కొన్న మొదటి ఏడాదిలో వచ్చిందనుకోండి. అతనికింకా పోగొట్టుకోవడానికి బోనసే లేదు. క్లెయిమ్ చేయకపోతే వరసగా 20, 25, 35, 45, 50. చేస్తే 0, 20, 25, 35, 45. తేడా మొత్తం 50 శాతం, అంటే 4 వేలు. చేతికొచ్చేది జీరో డిప్రిసియేషన్‌తో 8 వేలు. ఇతను క్లెయిమ్ చేయకపోతేనే నష్టం. కొత్త కారు మీద మోజుతో ‘అప్పుడే క్లెయిమా?’ అని వెనకాడే వాళ్లు చాలామంది ఉంటారు. లెక్క ప్రకారం చిన్న క్లెయిమ్‌కు అదే మంచి కాలం. పాత బోనస్‌ను పాత కారు నుంచి కొత్తదానికి తెచ్చుకున్నవారు మాత్రం పై మెట్టు లెక్క వేసుకోవాలి. బోనస్‌ను కాపాడే యాడ్ ఆన్ ఉంటే లెక్క మళ్లీ మారుతుంది, పాలసీ కాగితంలో ఎన్ని క్లెయిముల దాకా అని రాసి ఉందో చూసుకోండి.

ఇంకో మాట. ఆ ఏడు ఒక క్లెయిమ్ ఇప్పటికే చేసి ఉంటే బోనస్ పోయినట్టే. రెండో సొట్టకు కొత్తగా పోయే బోనస్ ఏమీ ఉండదు, డిడక్టబుల్ మాత్రమే. అలాగని మూడు నెలల పాత గీతలన్నీ పోగుచేసి ఒకే ప్రమాదంగా చూపించమని షెడ్డులో ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఏ దెబ్బ ఎటునుంచి తగిలిందో సర్వేయర్ కంటికి తెలుస్తుంది. ప్రతి దెబ్బా వేరే క్లెయిమే, అబద్ధం చెప్పడం మోసమే.

బంపర్ వెనక ఏముందో

లెక్క రాజీ వైపే మొగ్గిందనుకుందాం. అయినా రోడ్డు మీదే తేల్చేసుకోవడం తొందరపాటు. బంపర్ అంటే పైకి కనిపించే ప్లాస్టిక్ తొడుగు. దాని వెనక ఏసీ కండెన్సర్, రేడియేటర్, హెడ్‌లైట్ క్లిప్పులు, ఇప్పటి కార్లలో సెన్సర్లు, కెమెరాలు. రెండు వేలు తీసుకుని చేయి కలిపి వచ్చాక, మర్నాడు ఏసీ గ్యాస్ లీకవుతోందని తెలిస్తే ఆ మనిషిని ఎక్కడ వెతుకుతారు? అందుకే ఫొటోలు తీసుకుని, నంబర్లు మార్చుకుని, టింకరింగ్ షెడ్డులో ఎస్టిమేట్ వేయించాక మాట్లాడుకుందామనడం ఇద్దరికీ మంచిది. ఒరిజినల్ బంపర్ మార్చాలా, పాతదాన్నే అతికించి రంగేస్తే చాలా అన్నదాన్ని బట్టే ఖర్చు ఎంతో మారిపోతుంది. పదేళ్ల కారుకు అతుకు చాలు. నిన్న కొన్న కారుకు ఎవరూ ఒప్పుకోరు.

ఎదుటి బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడవచ్చు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2 వేలు, మళ్లీ దొరికితే 4 వేల జరిమానాతో పాటు జైలు శిక్ష కూడా ఉండవచ్చని 2019 సవరణ చెబుతోంది. అందుకని ఎదుటివాడి పాలసీ అయిపోయిందని తెలియగానే దాన్ని పట్టుకుని బెదిరించి డబ్బు గుంజేవాళ్లు ఉంటారు. అది రాజీ కాదు.

రాజీ కుదిరితే చిన్న కాగితమైనా రాసుకోండి. తేదీ, సమయం, చోటు, రెండు బండ్ల నంబర్లు, ఏ భాగానికి దెబ్బ తగిలింది, ఎంత ఇచ్చారు, బండ్ల నష్టానికి ఇదే పూర్తి సొమ్మని ఇద్దరి సంతకాలు, వీలైతే ఒకరిద్దరు సాక్షులు. డబ్బు ఫోన్‌లో పంపితే అదే రసీదు. ఇది మనకే ఉన్న తద్దినం కాదు. ఫ్రాన్సులో కార్లవాళ్లు ఇలాంటి అచ్చు ఫారం బండిలో పెట్టుకుని తిరుగుతారు. ఇద్దరూ కలిసి ప్రమాదం ఎలా జరిగిందో బొమ్మ గీసి సంతకాలు పెట్టి, ఎవరి కంపెనీకి వారు పంపుకుంటారు. వాళ్లది బీమాకు వెళ్లే కాగితం, మనది బీమా దాకా పోకుండా చేసుకునేది. అంతే తేడా.

ఇక్కడొక జాగ్రత్త. పాలసీ షరతుల్లో ఒకటి, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గానీ, డబ్బిస్తానని మాటివ్వడం గానీ చేయకూడదని. అంటే అక్కడ రాజీ చేసుకుని, తర్వాత అదే దెబ్బకు కంపెనీ దగ్గరికి పోతే మెలిక పడుతుంది. ఎదుటివాడి దగ్గర మరమ్మతు డబ్బు తీసుకుని, అదే బిల్లు కంపెనీలోనూ పెట్టడం అసలే కుదరదు. బీమా ఉన్నది నష్టం పూడ్చడానికి, లాభానికి కాదు. ఏదో ఒక దారే ఎంచుకోవాలి. దారి తేల్చుకునేలోపు, క్లెయిమ్ వద్దనుకున్నా సరే, ప్రమాదం జరిగిందని కంపెనీకి ఒక మాట చెప్పి ఉంచితే తర్వాత ఆలస్యమైందన్న పేచీ రాదు. న్యాయమైన క్లెయిమ్‌ను కేవలం ఆలస్యం సాకుతో తోసిపుచ్చవద్దని 2011 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు చెప్పింది కూడా.

రాజీ పనికిరాని చోటు

మనిషికి దెబ్బ తగిలితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. బైక్ మీద నుంచి పడ్డ కుర్రాడు లేచి నిలబడి ‘ఏం కాలేదన్నా’ అనవచ్చు. తలకు తగిలిన దెబ్బ కొన్ని గంటల తర్వాత గానీ బయటపడకపోవచ్చు. అయిదొందలు చేతిలో పెట్టి పంపేసి, రాత్రికి అతను వాంతులు చేసుకుంటూ ఆసుపత్రిలో చేరితే మీరు రాసుకున్న కాగితం మిమ్మల్నీ కాపాడదు, అతన్నీ కాపాడదు. మనిషి గాయానికి థర్డ్ పార్టీ బీమాలో కంపెనీ బాధ్యతకు ఆస్తి నష్టంలా గరిష్ఠ పరిమితి లేదు. ఆ కుటుంబానికి న్యాయంగా రావలసిన డబ్బు అక్కడ ఉంది. రాజీ పేరుతో పోలీసు రికార్డు లేకుండా చేస్తే దానికి అడ్డం పడ్డట్టే. ఆసుపత్రికి తీసుకెళ్లండి, స్టేషన్‌లో చెప్పండి, కంపెనీకి చెప్పండి. ఈ మూడింటిలో ఏదీ తప్పు ఒప్పుకున్నట్టు కాదు. నో క్లెయిమ్ బోనస్ లెక్కంతా ఓన్ డ్యామేజ్ భాగానిదే కాబట్టి ఇక్కడ దాని గురించి బెంగా అక్కర్లేదు.

అడవి దారిలో ఎదుటివాడే లేకపోతే?

పాల్వంచ దాటాక భద్రాచలం దారిలో రాత్రిపూట అడ్డం వచ్చే బర్రెతో ఎవరు రాజీ చేసుకుంటారు? ముందు పోయే టిప్పర్ నుంచి ఎగిరిన బొగ్గు పెళ్ల అద్దానికి తగిలితే, టిప్పర్ డ్రైవర్‌కు ఆ సంగతే తెలియదు. కొమ్మ విరిగి బానెట్ మీద పడ్డా అంతే. ఇలాంటప్పుడు బీమా ఒక్కటే దారి. ముందు అద్దానికి తరుగుదల కోత లేదని చెప్పుకున్నాం కదా. కాబట్టి అద్దం పగిలినప్పుడు క్లెయిమ్ లెక్క కాస్త మన వైపు మొగ్గుతుంది. బోనస్ ఏ మెట్టు మీద ఉందో చూసుకుని నిర్ణయించుకోవాలి. భద్రాచలం దాటి ఏటపాక దగ్గర ఆంధ్రలోనో, కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్‌లోనో దెబ్బ తగిలినా భయం లేదు, పాలసీ దేశమంతా చెల్లుతుంది.

దెబ్బ తిన్న బండిని అలాగే నడుపుకుంటూ రావడం మాత్రం వద్దు. రేడియేటర్ పగిలి నీళ్లు కారుతుంటే, ఇల్లు దగ్గరే కదా అని ఇరవై కిలోమీటర్లు నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. మరమ్మతుకు ముందే నడపడం వల్ల పెరిగిన నష్టం యజమానిదేనని పాలసీలో స్పష్టంగా రాసి ఉంటుంది. వేలల్లో పోయే బిల్లు లక్ష దాటేది ఇలాగే.

నవమి రోజుల్లో సొంత కార్లను కిరాయికి తిప్పేవాళ్లకూ ఒక మాట. తెల్ల నంబరు ప్లేటు కారులో డబ్బు తీసుకుని భక్తుల్ని ఎక్కించుకున్నాక దెబ్బ తగిలితే, ప్రైవేటు కారు పాలసీలో కిరాయి వాడకానికి చోటు లేదని కంపెనీ చేతులెత్తేయవచ్చు. రెండు ట్రిప్పుల డబ్బు కోసం ఏడాది ప్రీమియం బూడిదలో పోసినట్టవుతుంది.

క్లెయిమ్ చేయాలనే నిర్ణయించుకుంటే షెడ్డులో పని మొదలు పెట్టకముందే కంపెనీకి చెప్పాలి. చిన్న దెబ్బలకు ఇప్పుడు చాలా కంపెనీలు ఫోన్‌లో ఫొటోలూ వీడియో చూసి తేల్చేస్తున్నాయి. నగదు రహిత మరమ్మతు కావాలంటే కంపెనీతో ఒప్పందం ఉన్న గ్యారేజీకే వెళ్లాలి. అది మన ఊళ్లో లేకపోతే ఖమ్మం దాకా పోయి వచ్చే డీజిలూ, రెండు రోజుల సెలవూ కూడా లెక్కలో వేసుకోండి. మన షెడ్డులోనే చేయించి బిల్లు పెట్టుకోవచ్చు, కాకపోతే ముందు డబ్బు మనం కట్టాలి, పక్కా బిల్లు తీసుకోవాలి. మార్చిన పాత బంపర్‌ను కంపెనీ చూడమని అడగవచ్చు, దాన్ని షెడ్డులో పారేయనివ్వకండి.

కంపెనీ అన్యాయంగా కోత పెట్టిందనిపిస్తే మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి.